80వ నెంబరు రహదారిపై గంటల లెక్క

అమెరికా దేశంలో తూర్పున న్యూజెర్సీ రాష్ట్రం నుండి పడమట సముద్రపు ఒడ్డున ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో వరకు ఒకే రహదారి పోతుంది. దాని నెంబరు 80. పొడవు సుమారు 2,900 మైళ్లు, అంటే 4,600 కిలోమీటర్ల పైమాట. కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు పోయే మన 44వ నెంబరు జాతీయ రహదారి కంటే ఇది పొడవైనది. ఈ దారిలో కొంత భాగం, అయోవా రాష్ట్రం నుండి నెబ్రాస్కా మీదుగా వయోమింగ్ రాష్ట్రంలోని లారమీ పట్టణం వరకు, కారులో ప్రయాణం చేసే అవకాశం ఒక మార్చి నెలలో మాకు కలిగింది. మా అమ్మాయి కుటుంబం డావెన్‌పోర్ట్ పట్టణంలో ఉంటున్నది. అల్లుడికి లారమీలో ఏదో పని పడింది. “మీరు కూడా రండి మామయ్యా, దేశం చూసినట్టుంటుంది” అన్నాడు. ప్రార్థన చేసుకొని ఉదయాన్నే బయలుదేరాము. దూరం 830 మైళ్లు. రెండు రోజుల ప్రయాణం.

దారిలో చూడదగినవి చాలా ఉన్నాయి. అయితే కొండలు, నదుల కంటే ఎక్కువగా నా మనస్సులో నిలిచినవారు ఆ దారిమీద బ్రతికే లారీ డ్రైవర్లు. లారీ తోలేవాడు లేని పేట మన పల్లెలలో అరుదు. ఆదివారం ఆరాధనలో ఒక కుటుంబంలో తల్లి, పిల్లలు మాత్రమే కూర్చుని ఉంటే, చాలాసార్లు ఆ ఇంటి తండ్రి ఏ ఒరిస్సా రోడ్డు మీదనో ఉంటాడు. కాబట్టి ఈ సంగతి మన పాఠకులకు పరాయిది కాదని వ్రాస్తున్నాను.

వాల్‌కాట్ మజిలీ

బయలుదేరిన కాసేపటికే వాల్‌కాట్ అనే చిన్న ఊరు వచ్చింది. జనాభా రెండు వేలు కూడా లేదు. కాని ఆ ఊరి ప్రక్కన రహదారిని ఆనుకొని ఉన్న లారీల మజిలీకి దేశమంతటా పేరు. దానిని ‘అయోవా 80’ అంటారు. 1964లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్ స్టాప్ అని బోర్డు పెట్టుకున్నారు. సుమారు 900 లారీలు నిలిపే స్థలం ఉంది. లోపల భోజనశాల, స్నానాల గదులు, బట్టలు ఉతుక్కునే యంత్రాలు, క్షౌరశాల, పళ్ల డాక్టరు, చిన్న సినిమా హాలు కూడా ఉన్నాయి. ప్రక్కనే పాత లారీల మ్యూజియం ఉంది.

అక్కడి లారీకి పద్దెనిమిది చక్రాలు. సరుకుతో కలిపి మామూలుగా 80,000 పౌన్ల వరకు, అంటే సుమారు 36 టన్నుల వరకు అనుమతి. డ్రైవరు సీటు వెనుక చిన్న గది, అందులో పరుపు, బట్టలు పెట్టుకునే అర, కొన్నింటిలో చిన్న ఫ్రిజ్జు. క్లీనరు అనే మనిషి ఉండడు. ఎక్కువమంది ఒంటరిగానే నడుపుతారు. దూర ప్రయాణాల డ్రైవరుకు వారాల తరబడి అదే ఇల్లు.

మేము టిఫిను చేస్తుండగా ప్రక్క బల్ల దగ్గర ఒక తెల్లగడ్డం పెద్దాయన కూర్చున్నాడు. ఏ దేశం నుండి వచ్చారని ఆయనే మాట కలిపాడు. ముప్పై ఏళ్లకు పైగా లారీ నడుపుతున్నాడట. నేను మా ఊరి లారీల సంగతి చెప్పేసరికి ఆయనకు ఉత్సాహం కలిగింది. మీరు రోజుకు ఎన్ని గంటలు తోలుతారని అడిగాను. ఆయన నవ్వి, “ఆ ప్రశ్న నన్ను కాదు, నా బండిలో ఉన్న పెట్టెను అడగాలి” అన్నాడు. ఆ పెట్టె పేరు ఎలక్ట్రానిక్ లాగ్. దాని కథ తెలుసుకుంటే గాని ఆ దారిమీది జీవితం అర్థం కాదు.

కాగితం నుండి పెట్టెకు

లారీ డ్రైవరు ఎన్ని గంటలు నడపవచ్చునో అమెరికా ప్రభుత్వం నియమం పెట్టడం 1930లలోనే ఆరంభమైంది. నిద్రచాలని మనిషి చేతిలో అంత బరువైన బండి ఉంటే తనకూ ప్రమాదమే, ఎదురువచ్చే వారికీ ప్రమాదమే. ఇప్పటి నియమాలలో ముఖ్యమైనవి ఇవి. వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్న తరువాతే డ్రైవరు పనిలోకి రావాలి. వచ్చినది మొదలు 14 గంటలు గడిచిన తరువాత బండి తోలకూడదు. ఆ 14 గంటలలోనూ చక్రం తిరిగే సమయం 11 గంటలు మించకూడదు. 8 గంటలు నడిపితే కనీసం అరగంట ఆపాలి. ఎనిమిది రోజులలో మొత్తం పని 70 గంటలకు చేరితే ఇక తోలకూడదు. వరుసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటినుండి మొదలవుతుంది.

పూర్వం ఈ లెక్క డ్రైవరే కాగితం మీద వ్రాసుకొనేవాడు. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పుట. అడ్డంగా 24 గంటల గళ్లు, నిలువుగా నాలుగు వరుసలు. పని లేని సమయం, పడక మీద సమయం, బండి నడిపిన సమయం, నడపకుండా చేసిన పని. పావుగంట పావుగంటగా పెన్నుతో గీత గీసుకుంటూ పోవాలి. దారిలో అధికారి ఆపితే ఆ రోజు పుటతో పాటు వెనుకటి ఏడు రోజుల పుటలు చూపాలి.

మనిషి చేతిలో పెన్ను, యజమాని నోట తొందర. ఏమి జరిగి ఉంటుందో ఊహించవచ్చు. పదహారు గంటలు తోలి పదని వ్రాసినవారు ఉన్నారు. అధికారికి ఒకటి, యజమానికి ఒకటి, రెండు పుస్తకాలు నడిపినవారూ ఉన్నారు. డ్రైవర్లే ఆ పుస్తకానికి ‘కామిక్ బుక్’ అని వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు. పిల్లల బొమ్మల కథల పుస్తకంలో ఎంత నిజముంటుందో ఇందులోనూ అంతే అని భావం.

2012 జూలైలో అమెరికా ప్రభుత్వం చేసిన ఒక పెద్ద రవాణా చట్టంలో ఈ లెక్కను యంత్రానికి అప్పగించాలని నిర్ణయం జరిగింది. వివరమైన నియమాలు 2015 డిసెంబరులో వచ్చాయి. సొంత బండ్లు నడుపుకొనే డ్రైవర్ల సంఘం కోర్టుకు వెళ్లింది. మనిషి వెంట ఇరవై నాలుగు గంటలూ కాపలా పెట్టినట్టు ఉందన్నది వారి వాదన. క్రింది కోర్టు ఆ నియమాలను సమర్థించింది. 2017 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. 2017 డిసెంబరు 18 నుండి నియమం అమలులోకి వచ్చింది. అంతకుముందే పాతరకం యంత్రాలు పెట్టుకున్నవారికి 2019 డిసెంబరు వరకు గడువిచ్చారు. 2000 సంవత్సరానికి ముందటి ఇంజన్లకు, దగ్గర దూరాలలో తిరిగి ఇంటికి చేరేవారికి మినహాయింపు ఉంది.

పెట్టె చేసే పని తేలికగానే అర్థమవుతుంది. స్టీరింగు దగ్గర క్రింద ఇంజను కంప్యూటరుకు తగిలించే ప్లగ్గు ఉంటుంది. పెట్టెను దానికి కలుపుతారు. డ్రైవరు తన పేరుతో తెరుస్తాడు. బండి గంటకు 5 మైళ్ల వేగం అందుకోగానే ‘నడుపుచున్నాడు’ అని తనంతట తానే వ్రాసుకుంటుంది. ఆగి ఐదు నిమిషాలైతే ఏమి చేస్తున్నావని అడుగుతుంది. ఒక నిమిషంలో జవాబు రాకపోతే ‘నడపడం లేదు గాని పనిలో ఉన్నాడు’ అని వ్రాసుకుంటుంది. తేదీ, సమయం, బండి ఉన్న చోటు, తిరిగిన మైళ్లు అన్నీ దానిలో పడతాయి. తప్పు పడితే డ్రైవరు కారణం వ్రాసి దిద్దవచ్చు. పాత వ్రాత మాత్రం చెరిగిపోదు. యంత్రం నమోదు చేసిన నడక సమయాన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. ఇంకొక విశేషం, బండి ఎన్ని రాష్ట్రాలు దాటి ఏ గడియారం క్రిందికి పోయినా ఆ లెక్క మాత్రం డ్రైవరు సొంత డిపో ఉన్న ఊరి సమయం ప్రకారమే నడుస్తుంది.

మరి ఈ పెట్టె మీకు మేలా కీడా అని పెద్దాయనను అడిగాను. ఆయన కాఫీ కప్పు క్రింద పెట్టి రెండు మాటలు చెప్పాడు. “మొదట్లో దాన్ని కిటికీలోనుండి విసిరివేయాలనిపించింది. పుస్తకం ఉన్న రోజుల్లో నిద్ర వచ్చినప్పుడు రోడ్డు ప్రక్కన గంట కునుకు తీసి లేచి పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ కునుకు కూడా 14 గంటలలోనే పోతుంది. అందుచేత కళ్లు మూతలు పడుతున్నా ఇంకా గంట మిగిలింది కదా అని తోలేవాళ్లు ఉన్నారు.” కాస్త ఆగి, “అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. పూర్వం యజమాని ఫోన్ చేసి ‘ఎట్లాగైనా తెల్లారేసరికి సరుకు దించు’ అంటే కాదనలేకపోయేవాణ్ణి. ఇప్పుడు ‘గంటలు లేవు’ అంటాను. అతడూ అదే తెర చూస్తున్నాడు గనుక నోరెత్తడు” అన్నాడు. ఆ రెండు మాటలూ నిజమే అనిపించింది.

నెబ్రాస్కాలో సాయంకాలం

మధ్యాహ్నం ఒమాహా పట్టణం దాటి నెబ్రాస్కా రాష్ట్రంలో ప్రవేశించాము. ఒక కొస నుండి మరో కొసకు ఈ రహదారి ఆ రాష్ట్రంలో 455 మైళ్లు. నేల బల్లపరుపుగా, మన కృష్ణా డెల్టాలాగా ఉంటుంది. నిరుడు కోసిన మొక్కజొన్న మోళ్లు, ధాన్యం నిలువచేసే ఎత్తయిన గాదెలు. చాలా దూరం రోడ్డు ప్రక్కనే ప్లాట్ నది వస్తుంది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. మార్చి నెలలో శాండ్‌హిల్ క్రేన్ అనే పక్షులు లక్షల సంఖ్యలో అక్కడ దిగుతాయి. అవి మన సారస పక్షులకు చుట్టాలు. ఉత్తర దేశాలకు వలసపోతూ దారిలో కొన్ని వారాలు ఇక్కడ ఆగి, పగలు చేలల్లో గింజలు తిని, రాత్రి నదిలోని లోతు తక్కువ నీటిలో నిలబడి విశ్రమిస్తాయి. కార్నీ అనే ఊరి దగ్గర సూర్యాస్తమయ వేళ ఆకాశం నిండా బారులు తీరి అవి దిగుతుంటే చూసి దేవుని స్తుతించాము.

అదే వేళకు రోడ్డు మీద మరొక వెతుకులాట జరుగుతున్నది. ప్రభుత్వం కట్టిన విశ్రాంతి స్థలం ఒకటి దాటాము. లారీలతో నిండిపోయింది. కొన్ని లారీలు లోపలికిపోయే మలుపు రోడ్డు అంచునే వరుసగా ఆగాయి. తరువాతి స్థలమూ అంతే. సాయంకాలమయ్యేసరికి ఇట్లాగే ఉంటుందని అల్లుడు చెప్పాడు. గంటలు అయిపోవచ్చేసరికి చోటు దొరకాలి. దొరకకపోతే ముందుకు పోవడానికి నియమం ఒప్పదు, ఆగడానికి స్థలం ఉండదు. ఆ ప్రభుత్వమే చేసిన పరిశీలన ప్రకారం దేశమంతటా లారీలు నిలుపుకొనే చోట్లు సుమారు 3 లక్షల 13 వేలు. అది 2019 నాటి లెక్క. వాటిలో ప్రభుత్వ విశ్రాంతి స్థలాలలో ఉన్నవి 40 వేలే. ఆ పరిశీలనలో 98 శాతం డ్రైవర్లు క్షేమమైన చోటు దొరకడం కష్టంగా ఉందని చెప్పారు.

ఈ కష్టం ఎంతటిదో ఒక కుటుంబం కథ చెబుతుంది. న్యూయార్కు రాష్ట్రానికి చెందిన జేసన్ రివెన్‌బర్గ్ అనే 35 సంవత్సరాల డ్రైవరు 2009 మార్చిలో పాల సరుకుతో సౌత్ కరోలినా రాష్ట్రానికి వెళ్లాడు. దించవలసిన సమయానికంటే ముందుగా చేరాడు. అక్కడ ఆగే వీలు లేకపోయింది. దగ్గరలో మూతపడిన ఒక పెట్రోలు బంకు ఆవరణలో బండి నిలిపి పడుకున్నాడు. రాత్రి ఒక దొంగ అతణ్ణి కాల్చి చంపాడు. దోచుకున్నది ఏడు డాలర్లు. ఇంటి దగ్గర భార్య హోప్ కవల పిల్లలతో గర్భవతి. ఆమె ఆ దుఃఖంలో కూర్చుండిపోలేదు. డ్రైవర్లకు క్షేమమైన చోట్లు కావాలని ప్రజాప్రతినిధుల చుట్టూ తిరిగింది. చివరకు ఆమె భర్త పేరనే ‘జేసన్ చట్టం’ వచ్చింది.

పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. జేసన్ చట్టం వేరే పుస్తకంలో లేదు. గంటలు లెక్కపెట్టే పెట్టెను తప్పనిసరి చేసిన 2012 నాటి ఆ రవాణా చట్టంలోనే ఒక భాగంగా ఉంది. ఒకే చట్టం డ్రైవరును “ఈ గంటకు ఆగు” అని శాసించింది, అతడు ఆగడానికి చోటు చూడాలని కూడా చెప్పింది. మొదటి మాట ఏడేళ్లలో ప్రతి బండిలోకి చేరింది. రెండవ మాట ఇంకా రోడ్డు అంచున చోటు వెతుక్కుంటున్నది.

వయోమింగ్ మంచులో

రాత్రి నార్త్ ప్లాట్ పట్టణంలో ఆగి, మరునాడు వయోమింగ్ చేరాము. నేల మెల్లగా ఎత్తవుతుంది. చెయెన్, లారమీ పట్టణాల మధ్య రోడ్డు సముద్రమట్టానికి 8,640 అడుగుల ఎత్తుకు చేరుతుంది. 80వ నెంబరు రహదారి అంతటిలో అదే ఎత్తయిన చోటు. అక్కడ అబ్రహాము లింకన్ శిరస్సు విగ్రహం ఒకటి ఉంది. గాలి కారును ప్రక్కకు నెడుతున్నది. లారమీ చేరేసరికి మంచు పడసాగింది. లారమీ దాటిన తరువాత ఎల్క్ కొండ ప్రక్కగా పోయే దారి ఇంకా గడ్డుది. ఆ భాగం 1970 అక్టోబరు 3న తెరిచారు. నాలుగు రోజులకే మొదటి మంచు తుఫాను దానిని మూసివేసింది. ఇప్పటికీ మంచు ఎక్కువైతే మన రైల్వే గేటు వంటి గేట్లు రోడ్డుకు అడ్డంగా దించుతారు. ఆ రోజూ దించారు. లారమీ చుట్టూ ఎక్కడ చూసినా లారీలే.

ఆ దేశంలో లారీలు నడిపేవారిలో పంజాబీలు చాలామంది ఉన్నారు. వారికోసం ఈ దారిమీదా, దక్షిణాన 40వ నెంబరు దారిమీదా ధాబాలు వెలిశాయి. రొట్టె, పప్పు, టీ దొరుకుతాయంటే మేమూ అటువంటి ఒక చోటికి వెళ్లాము. ఒక యువ సర్దార్‌జీ మా మాటలు విని హిందీలో పలకరించాడు. నన్ను ‘అంకుల్‌జీ’ అని పిలిచి తన బండి ఎక్కించి పెట్టె చూపించాడు. ఫోను వంటి తెర మీద గుండ్రని గీతలలో మిగిలిన గంటలు కనిపిస్తాయి. నడపడానికి ఎంత, పనికి ఎంత, వారానికి ఎంత అని వేరువేరుగా.

“అంకుల్‌జీ, నిన్న నెబ్రాస్కాలో ఒక గోదాము ముందు ఐదు గంటలు నిలబెట్టారు. లోపలివారు తీరికగా సరుకు ఎక్కించారు. ఆ ఐదు గంటలూ ఈ పెట్టె నా 14 గంటలలోనుండి కోసేసింది. చక్రం తిరగలేదు గనుక నాకు కూలి లేదు” అన్నాడు. అక్కడ దూర ప్రయాణాల డ్రైవర్లలో చాలామందికి జీతం మైళ్ల లెక్కన. సరుకు ఎక్కించేచోట మొదటి రెండు గంటల నిరీక్షణ ఉచితం అనేది ఆ వ్యాపారంలో వాడుక. 1938 నాటి కూలి చట్టంలోని ఓవర్‌టైము హక్కు రాష్ట్రాలు దాటే లారీ డ్రైవర్లలో చాలామందికి వర్తించదు. అందువలన వారిని నిలబెట్టినవారికి నష్టం తక్కువ. ఆ నష్టమంతా సీటు మీద కూర్చున్నవాడిదే. పోయిన గంటలను రోడ్డు మీద వేగంతో సంపాదించుకోవాలని కొందరికి అనిపిస్తుంది.

దీనికి పరిశోధన కూడా సాక్ష్యమిస్తున్నది. నార్త్ ఈస్టర్న్, ఆర్కాన్సా, మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయాలకు చెందిన ముగ్గురు పరిశోధకులు ఈ నియమం వచ్చిన తరువాతి లెక్కలను పరిశీలించి 2019లో ఫలితాలు తెలిపారు. గంటల నియమాన్ని మీరడం బాగా తగ్గింది. కాని ప్రమాదాలు తగ్గిన జాడ వారికి కనిపించలేదు. చిన్న కంపెనీల డ్రైవర్లలో వేగం మీరడం వంటి తప్పులు పెరిగాయి. పెట్టె గంటలను నిజంగా లెక్కపెట్టింది. గంటలు ఎవరివలన వృథా అయ్యాయో అది అడగలేదు.

2020 సెప్టెంబరులో ప్రభుత్వం కొంత సడలింపు ఇచ్చింది. 10 గంటల విశ్రాంతిని 7, 3 గంటలుగా రెండు భాగాలు చేసుకోవచ్చు. అట్లా చేస్తే ఆ గంటలు 14లో లెక్కకు రావు. ముందుగా తెలియని మంచు, పొగమంచు ఎదురైతే రెండు గంటలు అదనం. సరుకు దించేసరికి గంటలు అయిపోతే దగ్గరలోని క్షేమమైన చోటుకు సొంత పనిగా నడుపుకొని పోవచ్చునని 2018లోనే తెలియజేశారు. డ్రైవర్లు గట్టిగా చెప్పుకొన్నందునే ఇవి కొంతవరకు సాధ్యమయ్యాయి.

“గేటు పడితే నీకు నష్టమే కదా” అన్నాను. సర్దార్‌జీ నవ్వాడు. “సరుకు ఆలస్యమైతే వారు కోప్పడతారు. కాని పెట్టె చూస్తుంది, గేటు చూస్తుంది. నన్ను ఎవరూ పొమ్మనలేరు. ఈ రాత్రి నిండుగా నిద్రపోతాను” అన్నాడు. ఫోనులో తన చిన్న కూతురి బొమ్మ చూపించాడు. కాలిఫోర్నియాలో ఉందట. ఇల్లు చేరడానికి ఇంకా వెయ్యి మైళ్ల పైనే.

కొన్ని ట్రక్ స్టాపులలో లారీ వెనుక తగిలించే పెద్ద పెట్టెనే చిన్న ప్రార్థనా మందిరంగా మార్చి నిలుపుతారు. డ్రైవర్ల మధ్య ఈ పరిచర్య 1951లో కెనడాలో ఆరంభమైంది. ఆదివారమే రావాలన్న నియమం లేదు. అరగంట విశ్రాంతి దొరికినవాడు, 34 గంటలు గడపవలసినవాడు ఎవరైనా మెట్లెక్కి లోపలికి రావచ్చు, మాట్లాడవచ్చు, ప్రార్థించవచ్చు. ఇంటికి ఫోన్ చేయడానికి ధైర్యం చాలనివారికి కూడా కూర్చుని వినే మనిషి అక్కడ ఉంటాడు.

మన దారుల సంగతి

మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, మద్రాసు–కలకత్తా రోడ్డు ప్రక్కన. మా బాబాయి చేపల లారీ తోలేవాడు. ఆకివీడులో ఐసు వేసి పెట్టెలు ఎక్కించుకొని హౌరాకు పోయేవాడు. ఐసు కరగకముందే చేరాలి, అదే ఆయన గడియారం. తిరిగి వచ్చాడంటే కళ్లు ఎర్రగా ఉండేవి. పిన్ని మమ్మల్ని వాకిట్లో ఆడుకోనిచ్చేది కాదు. “మీ బాబాయి నిద్రపోతున్నాడు, చెరువు గట్టుకు పోండిరా” అనేది. ఆ నిద్ర లెక్క వ్రాసిన పుస్తకం ఎక్కడా లేదు, పిన్ని మనస్సులో తప్ప.

మన దేశంలో నియమం లేక కాదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించింది. చిన్న యజమానుల చేతిలో ఉన్న లారీల మీద ఆ నియమం నీడ పెద్దగా పడలేదు. 2018 ఏప్రిల్ నుండి సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దాని గడువు. 2021 ఫిబ్రవరి నుండి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. బండి ఏ గేటు ఎప్పుడు దాటిందో తెలుస్తుంది, సరుకు గడువు ఎప్పుడు తీరుతుందో తెలుస్తుంది. డ్రైవరు ఎన్ని గంటలు నిద్రపోయాడో చెప్పే కాగితం వాటిలో లేదు. ఏదో ఒకనాడు మన లారీలలోకి కూడా గంటల పెట్టె రావచ్చు. వస్తే మంచిదే. అయితే 80వ నెంబరు దారిమీద చూసినదానిని బట్టి, పెట్టెతో పాటు ఆగడానికి చోటు, నిలబెట్టిన గంటకు కూలి కూడా రావాలని మనం అడగాలి.

పది ఆజ్ఞలలో విశ్రాంతి దినపు ఆజ్ఞ యజమానికి మాత్రమే ఇవ్వబడలేదు. దాసునికి, దాసికి, పశువుకు, ఇంటిలోని పరదేశికి కూడా విశ్రాంతి దొరకాలని ఆ ఆజ్ఞ చెబుతుంది. పని చేయించుకొనేవాడు ఆగితేనే పనివాడు ఆగగలడని దాని భావం.

మన పాఠకులలో చాలామంది రైతులు. ధాన్యం, మామిడి, చేపలు, పొగాకు ఏదో ఒకటి లారీకి ఎక్కించేవారే. లారీ వచ్చేసరికి బస్తాలు సిద్ధంగా ఉంచడం మన చేతిలో పని. కూలీలు రాలేదని డ్రైవరును ఎండలో పూట పూటంతా నిలబెడితే, ఆ పూటను అతడు రాత్రి నిద్రలోనుండి తీసి మనకు ఇస్తున్నాడు. కళ్లం దగ్గర, చెరువు గట్టు మీద ఒక మంచం, కుండెడు నీళ్లు, కాస్త నీడ ఏర్పాటు చేయడానికి చట్టం అక్కరలేదు. రోడ్డు ప్రక్కన సంఘాల వారు మందిరపు ఆవరణలో రాత్రి రెండు లారీలు నిలుపుకోనిచ్చి, పంపు నీళ్లు వాడుకోనిస్తే అదీ పరిచర్యే. లారీ యజమానులైన సహోదరులు ఫోనులో “ఎక్కడున్నావు” అని అడిగే ముందు “పడుకున్నావా” అని అడగవచ్చు. డ్రైవరు ఇంటిలోని తల్లులు, భార్యలు మా పిన్ని వలె ఆ నిద్రకు కాపలా కాస్తూనే ఉన్నారు. వారికి తోడుగా మిగిలిన మనమందరం కూడా కాయాలి.